విద్యార్థి తప్పినచో

సంక్రాంతి వెళ్ళిన నాలుగవనాడు నౌపడ జంక్షనులో గుణుపురము బండికొఱకు వేచియుంటిమి. బల్లమీద మా ప్రక్కను కూర్చుండిన పెద్దమనిషి ఉద్దానమున కొబ్బరితోటయు కొంత పల్లపుభూమియు గల రైతు. పర్లాకిమిడిలోని వియ్యాలవారింటికి పోవుచున్నాడు. ఆయన మిఠాయి పొట్లము విప్పి మా చేతిలో నొకటి పెట్టి, “మా గుంటడికి ఉజ్జోగమైపోనాది బాబూ! ప్రొబేషన్లో ఏసినారట” అని ముఖము వికసింపగా చెప్పెను. కుమారుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుచున్నాడు. విశ్వవిద్యాలయమువారి యుత్తరమును ఆ కుఱ్ఱవాడు తన యక్కకు మాత్రమే పంపినాడట. తండ్రి గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా ఆ బిడ్డ నోట మాటరాక, “ప్రొబేషనులో వేసినారు” అని మాత్రము చెప్పి యుత్తరమును ఆయన ఫోనునకు పంపినది. ఆ మాట ఆయనకు చిరపరిచితమే. ఆయన మేనల్లుడు 2019లో గ్రామ సచివాలయ ఉద్యోగమున చేరి, ప్రొబేషను గడుపుకొని పర్మనెంటయినవాడు. కావున ఆయన మిఠాయి పంచుచున్నాడు.

ఉత్తరమును మేము చదివితిమి. చదివి, చేతిలోని మిఠాయిని ఏమిచేయవలయునో తోచక యట్లే పట్టుకొని కూర్చుంటిమి. “నీ సగటు 2.67కు దిగినది. ఉండవలసినది 3. కావున నిన్ను ప్రొబేషనులో నుంచితిమి. ఈ సెమెస్టరు ముగియునప్పటికి సగటు 3కు చేరనియెడల నిన్ను తొలగింపవచ్చును.” ఇది దాని సారాంశము. ఆ విశ్వవిద్యాలయపు పేరు చెప్పవలసిన పనిలేదు. ఇట్టి యుత్తరములు ఆ దేశమున ననేక విద్యాలయములనుండి సెమెస్టరు ముగిసినప్పుడెల్ల వెలువడుచునే యుండును.

మన జిల్లాలలో భూమిగల కుటుంబములకును, పట్టణములలో ఉద్యోగ వ్యాపారములు చేసికొను కుటుంబములకును ఈ సంగతి నేడు ఇంటిసంగతి. తోటను బ్యాంకునకు కుదువబెట్టి బిడ్డను విమానమెక్కించిన తండ్రికి, ఆ బిడ్డ యే నియమములకు లోబడి చదువుచున్నాడో తెలియదు. సీటు వచ్చినదని తెలియును, వీసా వచ్చినదని తెలియును, ఫీజు ఎంతయో మఱి బాగుగా తెలియును. నిలిచియుండుటకు కావలసిన మెట్టు ఎచ్చట నున్నదో మాత్రము ఎవ్వరును చెప్పరు. సీటిప్పించి రుసుము పుచ్చుకొను కన్సల్టెన్సీవారి రంగురంగుల కాగితములలో ఆ పుట మాకెన్నడును కనబడలేదు.

మనదేశమున ముప్పదియైదు మార్కులు వచ్చినవాడు గట్టెక్కినవాడే. అచ్చటి పై చదువులో లెక్క వేఱు. ‘ఏ’ గ్రేడునకు 4, ‘బీ’కి 3, ‘సీ’కి 2. ఎం.ఎస్. విద్యార్థి సాధారణముగా సెమెస్టరునకు మూడేసి క్రెడిట్ల సబ్జెక్టులు మూడు తీసికొనును. రెండింట ‘బీ’, ఒకదానిలో ‘సీ’ వచ్చినదనుకొనుడు. మూడును మూడును రెండును కలిపి ఎనిమిది. మూడుచే భాగింపగా 2.67. ఆ కుఱ్ఱవాడు ఏ సబ్జెక్టులోను సున్న తెచ్చుకొనలేదు, ఏ పరీక్షకును ఎగనామము పెట్టలేదు. అయినను ఆ యొక్క ‘సీ’తో వాడు తప్పినవారి పట్టికలో చేరిపోయెను. కాని యిదే లెక్కలో మఱియొక ముఖము కలదు. రెండవ సెమెస్టరులో ఒక్క ‘ఏ’యు రెండు ‘బీ’లును తెచ్చుకొన్నచో పది, వెనుకటి ఎనిమిదితో కలిపి పదునెనిమిది, ఆఱుచే భాగింపగా సరిగా 3. అనగా ఒక్క సబ్జెక్టులో పైకి లేచిన చాలును, గండము గడచినట్లే. మొదట రెండు ‘సీ’లు పడినవానికి రెండు ‘ఏ’లు కావలయును, అది కష్టము, కాని అసాధ్యము కాదు. ఎక్కములు వచ్చిన తండ్రి యెవడైనను వేయదగిన లెక్క యిది. భయముతో కుంగిన బిడ్డ వేసికొనలేని లెక్కయు నిదియే.

లెక్క యింతటితో తీరినచో మేము ఈ వ్యాసము వ్రాయకుందుము. స్వదేశపు విద్యార్థికి మార్కు తగ్గినచో మార్కే తగ్గును. మనవానికి మార్కుతోబాటు కాలిక్రింది నేలయు కదలును. ఎఫ్-1 వీసాపై నున్నవాడు సెమెస్టరునకు పూర్తి భారమును మోయవలయును. మోయకున్న ఆ దేశమున నుండు హోదా పోవును. ఒక సబ్జెక్టు మునిగిపోవుచున్నదని తెలిసి, ‘సీ’ పడకమునుపే దానిని వదలుకొనుట అమెరికా పిల్లలు నిత్యము చేయు పని. మనవాడు అట్లే వదలినచో తొమ్మిది క్రెడిట్లు ఆఱగును, సగటు నిలిచినను వీసా చెడును. వదలకున్న వీసా నిలుచును, సగటు చెడును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యన్నమాట యీ స్థితికే పుట్టినట్లున్నది.

దీనికి దారి లేకపోలేదు. విదేశీ విద్యార్థుల వ్యవహారము చూచుటకు ప్రతి విద్యాలయమునను ఒక అధికారి యుండును; డి.ఎస్.ఓ. అని వాడుక. అచ్చటి బోధనాపద్ధతి కొత్తదై తికమకపడినవానికిని, ఆంగ్లముతో గాని పఠనభారముతో గాని తొలినాళ్ళలో ఇబ్బందిపడినవానికిని, తనకు తగని స్థాయి సబ్జెక్టులో చేర్పబడినవానికిని భారము తగ్గించుటకు ఆ యధికారి అనుమతి నీయవచ్చును. ఒక డిగ్రీకి ఒక్కసారియే; మఱుసటి సెమెస్టరున మరల పూర్తి భారము నెత్తుకొనవలయును. జబ్బుపడినవానికి వైద్యుని పత్రముమీద మొత్తము పండ్రెండు నెలలవఱకు వెసులుబాటు కలదు. కాని యీ యనుమతి వదలుటకు ముందు పొందవలయును. వదలి, రెండు వారములు దాగి, పిదప పోయి మొఱపెట్టుకొన్నవానికి ఆ తలుపు మూసియుండును. గడువులనుబట్టియే ప్రభువుల మనసు తెలియుచున్నది. చదువు ముగించినవానికి దేశము విడుచుటకు 60 దినములు. అధికారి యనుమతితో నడుమ మానుకొన్నవానికి 15 దినములు. అనుమతి లేక నియమము తప్పి హోదా పోగొట్టుకొన్నవానికి ఒక్కదినమును లేదు. హోదా చెడకముందే మేలుకొన్నవాడు మఱియొక విద్యాలయమునకు మారవచ్చును. చెడినపిదప ఆ పనియు దుర్ఘటము.

చదువు తెగినను అప్పు తెగదు. ఈ భయమే మన పిల్లలను రాత్రివేళ దుకాణములలో నిలువబెట్టుచున్నది. తరగతులు నడచు కాలమున విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, అదియు వారమునకు 20 గంటలకు మించకుండ, పనిచేయుటకు వారికి సెలవు. అనుమతి లేక వెలుపల పనిచేసినచో వీసాకే మోసము. అయినను చేయువారున్నారు; చేయుచున్నారని యిచ్చటి తండ్రులకు తెలియును; తెలిసియు నెలాఖరున వచ్చు సొమ్మును లెక్కించుకొనుచున్నారు. రాత్రి రెండుగంటలవఱకు నిలుచుండినవాడు ఉదయము తరగతిలో కునుకుట వింత కాదు. ఆ ‘సీ’లో సగము మనము వ్రాసినదే యన్న కొందఱికి కోపము వచ్చును. రానిండు.

మఱియొక సంగతియు మనవారు తెలిసికొనవలయును. 1974లో ఆ దేశమువారు చేసిన శాసనముచొప్పున, కళాశాలలో చేరినవాని చదువుపత్రములపై హక్కు వానిదే. ఫీజు కట్టిన తండ్రి నౌపడనుండి ఎన్ని యుత్తరములు వ్రాసినను, కుమారుడు వ్రాతమూలముగా సమ్మతింపనిదే కార్యాలయమువారు సాధారణముగా పెదవి విప్పరు. ఆ శాసనమును మేము తప్పుపట్టము. వయసువచ్చినవానిని వయసువచ్చినవానిగా చూచుట మర్యాదయే. కాని దానివలన వార్త యింటికి చేరుటకు కుమారుని నోరొక్కటియే దారి యైనది. ఆ నోటికి తాళము వేయుచున్నవారము మనమే. ఎవరి కుమారుడు ఏ కంపెనీలో చేరెనో, ఎవరు ఎంత కట్నము పలికెనో రచ్చబండమీద పొద్దు పుచ్చు ఊరిలో, “నాకు ‘సీ’ వచ్చినది, భయముగా నున్నది” అని చెప్పుటకు ఏ బిడ్డకు ధైర్యము కలుగును?

ఈ సందర్భమున శ్రీనివాస రామానుజనుని వృత్తాంతము తలంపునకు వచ్చుచున్నది. గణితమున ఆయన ప్రజ్ఞను చూచి కుంభకోణము ప్రభుత్వ కళాశాలవారు 1904లో వేతనమిచ్చి చేర్చుకొనిరి. ఆయన గణితములో మునిగి తక్కిన పాఠములను విడిచెను, ఆంగ్లమున తప్పెను, నియమానుసారముగా వేతనము పోయెను. అప్పుడా బాలుడు చేసిన పని యేమి? ఇంట చెప్పక, 1905లో రైలెక్కి మన విశాఖపట్టణమునకు పాఱిపోయి వచ్చెను. నాటి విశాఖలో ఆ పదునేడేండ్ల పిల్లవాడు ఏ వీధిలో తిరిగెనో, ఎవరింట అన్నము తినెనో గాని, వాని మనోవ్యథ మాత్రము నేడు డల్లాసులోనో షికాగోలోనో గది తలుపు మూసికొని కూర్చున్న మన పిల్లలకు బాగుగా తెలిసినదే. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. పరీక్షయు రెండుమాఱులు తప్పెను. చివరకు మద్రాసు రేవులో నెలకు ముప్పది రూపాయల గుమాస్తా యయ్యెను.

కుంభకోణమువారు అధర్మము చేసిరని మేమనము. నియమము అట్లే యుండెను, వారట్లే నడచిరి. మాకు ముఖ్యముగా తోచునది 1913లో జరిగిన సంగతి. వాతావరణశాఖాధ్యక్షుడైన గిల్బర్టు వాకరు రామానుజనుని పనిని చూచి, ఇతనిని గుమాస్తాగిరీనుండి తప్పింపవలయునని మద్రాసు విశ్వవిద్యాలయమునకు వ్రాసెను. పరిశోధక వేతనమునకు ఎం.ఏ. పట్టము ఉండవలయునని నిబంధన. ఈయనకు ఎఫ్.ఏ. యైన లేదు. అయినను ఆ విశ్వవిద్యాలయమే నిబంధనను ప్రక్కకు జరిపి నెలకు డెబ్బదియైదు రూపాయల వేతనమును రెండేండ్లకు మంజూరుచేసినది. మన నౌపడ ప్రాంతము గంజాము జిల్లాలోనుండగా మన పిల్లలును ఆ విశ్వవిద్యాలయపు పరీక్షలకే కూర్చుండిరి. దొరతనపు కాలమున, కాగితమునకు కాగితము సాక్ష్యమడుగు ఆ కార్యాలయములలో, ఒక మనుష్యుని చూచి నియమము ఒకసారి తల వంచినది. స్వరాజ్యమున అంతకంటె తక్కువ యేల ఆశింపవలయును?

ఈ గుణుపురపు బండి పోవు పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడై యుండిన గిడుగు రామమూర్తిగారు 1879లో మెట్రిక్యులేషను ప్యాసయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు, ప్రైవేటుగా చదివి బి.ఏ. చేతబట్టునప్పటికి పదునైదేండ్లకు తక్కువ పట్టలేదు. నేటి గడువుల పట్టికతో కొలిచినచో ఆయన పేరు ఎన్నడో కొట్టివేయబడియుండును. (మా యీ గ్రాంథికమును చూచి ఆయన ఆగ్రహించియుండును, అది వేఱు సంగతి.)

అమెరికావారిని తప్పుపట్టి మనవారిని విడుచుట న్యాయము కాదు. మన విశ్వవిద్యాలయములలో పరిశోధకులకు కొలత మార్కులకంటె ముఖ్యముగా ఏండ్లు. యు.జి.సి. వారు 2022 నవంబరున ప్రకటించిన నిబంధనలచొప్పున పిహెచ్.డి.కి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆఱేండ్లు. మరల నమోదు చేసికొన్నచో మఱి రెండేండ్లు. స్త్రీలకును, నలువదిశాతమునకు మించిన వైకల్యము గలవారికిని ఇంకను రెండేండ్లు. కోర్సువర్కులో నూటికి యేబదియైదు రావలయును. సెమెస్టరునకొకసారి పరిశోధకుడు సలహాసంఘము నెదుట నిలువవలయును. ప్రగతి చాలదని తోచినచో సంఘమువారు కారణములను వ్రాసి, దిద్దుకొను దారి చూపవలయును. చూపిన దారిని నడువనప్పుడే నమోదును రద్దుచేయుమని, అదియు కారణములతో, సిఫారసు చేయవలయును. కాగితముమీద నిది మంచి నియమము. అమెరికావారి సగటు లెక్కకంటె నిదే మనుష్యునికి దగ్గఱగా నున్నదని మా యభిప్రాయము. కాని సంఘము నిజముగా కూర్చుండవలయును గదా! పర్యవేక్షకుడు ఎదుటబడకుండ ఏడాది గడచినచో, ఆ యాలస్యము విద్యార్థి ఖాతాలోనే పడుచున్నది. ఆఱేండ్ల గడియారము పర్యవేక్షకునికొఱకు ఆగదు.

ఇది ఊరక చెప్పు మాట కాదు. 2008 ఫిబ్రవరిలో, సేలము ప్రాంతమునుండి హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు భౌతికశాస్త్ర పరిశోధనకై వచ్చిన దళిత విద్యార్థి యొకడు వసతిగృహమున ప్రాణము విడిచెను. కోర్సువర్కులో ఒక పరీక్ష తప్పుట, ఫెలోషిప్పు దానికి ముడిపడియుండుట, చేరి నెలలు గడచినను పర్యవేక్షకుడు కుదురకుండుట – ఇవి యప్పుడు వెలికివచ్చిన సంగతులు. విశ్వవిద్యాలయమే నియమించిన విచారణసంఘము ఆ విభాగపు పద్ధతులలో అస్పష్టత కలదని వ్రాసినది. ఇంటికి డబ్బు పంపవలసిన స్థితిలో నున్న బిడ్డకు ఫెలోషిప్పే అన్నము. అది ఎప్పుడు ఆగునో, ఏ కారణమున ఆగునో, ఎవరితో చెప్పుకొనవలయునో స్పష్టముగా తెలియకుండుట శిక్షకంటె ఘోరము. 2025 మార్చిలో సుప్రీంకోర్టువారు ఉన్నతవిద్యాలయములలో విద్యార్థుల ఆత్మహత్యలను, మనోవ్యథను గూర్చి పరిశీలించుటకు విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్‌గారి యధ్యక్షతన జాతీయ కార్యదళమును నియమించిరి. పదునేడేండ్ల పిమ్మట ఇట్టి సంఘము అవసరమైనదనుటయే ఒక సాక్ష్యము.

మేము కోరునది మార్కుల దానము కాదు. చేతగానివానికి పట్టమిచ్చినచో చేతనైనవాని పట్టమునకు వెలపోవును. ఈ మాటలో మాకు మొగమోటము లేదు. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేయువారిని అడుగుడు. సముద్రపు నీరు మడిలోనికి వచ్చినప్పుడు బామే కొలతలో మూడు డిగ్రీలుండును. ఎండకు చిక్కబడి యిరువదియైదింటికి వచ్చినగాని ఉప్పు కట్టదు. ఆ కొలతను ఎవ్వరును సడలింపలేరు. కాని పదునెనిమిదింటనున్న నీటిని చూచి, ఇది పనికిరాదని సముద్రములోనికి మళ్ళించు వెఱ్ఱివాడును అచ్చట కనబడడు. దానిని వెనుకమడిలోనే నిలిపి, మఱి నాలుగెండలు చూపుదురు.

విశ్వవిద్యాలయములు కొలతగుండును దాచిపెట్టరాదు. చేర్చుకొన్ననాడే, ఫీజు రసీదుతోబాటు, ఎంత సగటు తగ్గిన ఏమగునో, ఎన్నిదినములలో మనవి చేసికొనవచ్చునో ఒక్క కాగితముమీద తేటమాటలలో ఈయవలయును. మొదటి పరీక్షలో తడబడినవానిని సెమెస్టరు ముగియువఱకు గమనింపక, ముగిసినపిదప ఉత్తరము పంపుట ఇల్లు కాలినపిమ్మట నుయ్యి త్రవ్వుటయే. పేరు కొట్టివేయుటకు ముందు కారణము వ్రాసి, వాని మాట వినవలయును. వినువాడు, ఆ మార్కు వేసిన యాచార్యుడే కాక మఱియొకడు కావలయును. వాల్తేరున గాని, ఎచ్చెర్లలోని మన జిల్లా విశ్వవిద్యాలయమున గాని యీ పద్ధతిని చిత్తశుద్ధితో నడుపుటకు క్రొత్త శాసనమేమియు అక్కఱలేదు. ఉన్నదానిని నడిపిన చాలును.

తండ్రులమాట. తోట కుదువబెట్టునాడే కుమారునితో ఒక మాట అనవచ్చును: “తగ్గినచో మొదట నాకు చెప్పుము, తోట సంగతి నేను చూచుకొందును.” ఆ మాట అనని తండ్రికి యక్క ద్వారా ఉత్తరము వచ్చును. అనినను చెప్పని బిడ్డలు ఉందురు. కాని తక్కువగా నుందురు.

ఆనాడు బండి ఆలస్యమైనది. ఉత్తరములోని సంగతి మేము మెల్లగా విడమర్చి చెప్పితిమి. ఆయన చాలసేపు పొట్లమును చుట్టుచు విప్పుచు కూర్చుండి, “ఐతే ఉజ్జోగం కాదన్నమాట” అనెను. పిమ్మట, “ఇప్పుడు ఫోను సేస్తే ఆడ్ని ఏటడగాలి బాబూ?” అని మమ్ము అడిగెను. ఏ సబ్జెక్టులో తగ్గినదో, సలహాదారుని చూచినాడా, డి.ఎస్.ఓ.ను చూచినాడా, సబ్జెక్టు మార్చుకొనుటకు ఇంకెన్ని దినములున్నవో అడుగుడని చెప్పితిమి. రాత్రులు ఎచ్చటనైన పనిచేయుచున్నాడేమో అడిగి, చేయుచున్నచో మానుమని చెప్పుడని అంటిమి. సెమెస్టరు అప్పుడే మొదలైనది. ఒక్క ‘ఏ’ చాలునని, మా చేతిలోని పత్రికాంచలమున లెక్క వేసి చూపితిమి. ఆ ముక్కను ఆయన చింపి జేబులో పెట్టుకొనెను.

మనకు ఉదయము ఎనిమిది గంటలు. అచ్చట రాత్రి తొమ్మిదిన్నర. రెండవ మ్రోతకే కుమారుడు ఫోనెత్తినాడు. “ఉత్తరం సదివించుకున్నాన్రా” అని మాత్రము ఆయన అనెను. అటువైపునుండి మాట వినబడలేదు. బండి వచ్చినది. ఆయన సంచిని ఒకచేత బట్టుకొని, ఫోనును చెవికి ఆనించుకొనియే పెట్టె ఎక్కెను.